ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేయడం తెలిసినవాళ్లు కూడా ఎందుకు చేయరు?

ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెబుతాను, తర్వాత చదివేవాళ్లకు వీలుగా ఉంటుంది. మీ దగ్గర కోర్ ఐ5-13600కే ప్రాసెసర్, జెడ్690 మదర్‌బోర్డ్ ఉన్నాయి. కొన్నప్పటి నుంచి కంపెనీ సెట్టింగ్స్‌లోనే వాడుతున్నారు, అంటే ఓవర్‌క్లాక్ (ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువ వేగంతో నడపడం) చేయలేదు. పేరు చివర 'కే' ఉంటే, వేగం పెంచుకునే వీలు ఇచ్చి అమ్మారని అర్థం. "కే ప్రాసెసర్ కొని ఓవర్‌క్లాక్ చేయకపోతే డబ్బులు దండగ, నీకు భయం" అని రూమ్మేట్స్ అంటున్నారు. అన్నీ తెలిసినవాళ్లు కూడా చాలామంది ఓవర్‌క్లాక్ చేయకుండా ఎందుకు వదిలేస్తారు, అది నిజంగా భయమేనా అని అడిగారు.

సూటిగా చెబుతాను. కొందరికి భయం ఉండొచ్చు. కానీ చేయడం బాగా వచ్చి కూడా మానేసినవాళ్ల కారణం వేరు. ఇప్పటి ప్రాసెసర్లలో ఓవర్‌క్లాక్ వల్ల దక్కే వేగం చాలా తక్కువ. దాని కోసం వదులుకోవాల్సింది మాత్రం సిస్టమ్ మీద నమ్మకం. ఓవర్‌క్లాక్ చేసిన సిస్టమ్‌లో ఏ చిన్న తేడా వచ్చినా "ఇది నేను పెంచిన వేగం వల్లేనా?" అనే అనుమానం వెంటాడుతూనే ఉంటుంది. ఆ అనుమానం లేకుండా పని చేసుకోవడానికే నాలాంటివాళ్లు మానేశారు.

నేను విజయవాడలో పాతికేళ్లుగా సిస్టమ్‌లు అసెంబుల్ చేస్తున్నాను. 2000 నుంచి 2012 వరకు నా చేతిలో పడిన ప్రతి సొంత సిస్టమ్‌నూ ఓవర్‌క్లాక్ చేశాను. ఇప్పుడు నా సిస్టమ్‌లోనూ చేయను, కస్టమర్లకు బిగించే వాటిలోనూ చేయను. ఎందుకో కొంచెం వివరంగా రాస్తాను.

అప్పట్లో ఎందుకు చేసేవాళ్లమో ముందు చెప్పాలి. 1998లో వచ్చిన సెలెరాన్ 300ఏ ప్రాసెసర్ వేగం 300 మెగాహెర్ట్జ్. మదర్‌బోర్డ్‌లో బస్ స్పీడ్‌ను (ప్రాసెసర్ వేగం దీని మీదే ఆధారపడేది) 66 నుంచి 100కి మారిస్తే అదే ప్రాసెసర్ 450 మెగాహెర్ట్జ్‌తో నడిచేది. అంటే ఏకంగా 50 శాతం ఎక్కువ. పైసా ఖర్చు లేకుండా, ఎన్నో రెట్లు ఖరీదైన పెంటియం పక్కన నిలబడేది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో పాత 300ఏ ఒకటి దొరికితే, దాన్ని జాగ్రత్తగా గుడ్డలో చుట్టుకుని రాత్రి రైల్లో విజయవాడ తెచ్చుకున్న రోజు నాకు ఇంకా గుర్తుంది. తెల్లారేసరికి అది 450లో నడుస్తోంది. ఆ సంతోషం నిజమైనది, దాన్ని నేను తక్కువ చేయను.

2011లో వచ్చిన కోర్ ఐ5-2500కే కూడా అలాంటిదే. అసలు వేగం 3.3 గిగాహెర్ట్జ్, టర్బోలో (తనంతట తనే కాసేపు పెంచుకునే వేగంలో) 3.7. మంచి కూలర్ పెడితే 4.5 వరకు లాగినవాళ్లు చాలామంది ఉన్నారు. అప్పట్లో కంపెనీలు ప్రతి చిప్‌లోనూ బోలెడంత మిగులు వదిలేసేవి. ఒకే రకం చిప్‌ను నాలుగు పేర్లతో, నాలుగు వేగాలతో అమ్మేవి. ఆ మిగులును మనం వాడుకునేవాళ్లం.

ఇప్పుడు ఆ మిగులు మన దాకా రావడం లేదు. 2008లో ఇంటెల్ టర్బో బూస్ట్ తెచ్చింది, తర్వాత పోటీ కంపెనీ ఏఎండీ రైజెన్ ప్రాసెసర్లలో ప్రెసిషన్ బూస్ట్ వచ్చింది. వేడి ఎంత ఉంది, కరెంటు ఎంత తీసుకుంటోంది, ఎన్ని కోర్లు (లోపల విడివిడిగా లెక్కలు చేసే భాగాలు) పని చేస్తున్నాయి అని ప్రాసెసర్ తనే సెకనుకు ఎన్నోసార్లు చూసుకుని వేగాన్ని పెంచుకుంటుంది, తగ్గించుకుంటుంది. మీ 13600కే పెద్ద కోర్ల అసలు వేగం 3.5 గిగాహెర్ట్జ్. కానీ మీరు ఏమీ చేయకుండానే అది 5.1 దాకా వెళ్తోంది. అంటే మేం రాత్రుళ్లు కూర్చుని చేసిన పనిని ఇప్పుడు ఫ్యాక్టరీలోనే చేసి అమ్ముతున్నారు. మీరు చెమటోడ్చి ఇంకో 300, 400 మెగాహెర్ట్జ్ సాధించినా అది 6 నుంచి 8 శాతం. గేమ్‌లో గ్రాఫిక్స్ కార్డ్ అప్పటికే నూరు శాతం పని చేస్తుంటే ఆ 8 శాతంలో మీ కంటికి కనిపించేది దాదాపు ఏమీ ఉండదు.

ఇక వేడి సంగతి. మన ప్రాంతంలో ఇది అన్నిటికంటే ముందు లెక్క వేయాల్సిన విషయం. విదేశీ రివ్యూలు చూసి మోసపోయేది ఇక్కడే.

ప్రాసెసర్ తీసుకునే కరెంటు వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజ్‌తో మాత్రం వర్గం చొప్పున పెరుగుతుంది. ఒక లెక్క చూడండి. 5.1 నుంచి 5.5కి వెళ్లాలంటే వోల్టేజ్‌ను 1.25 నుంచి 1.38కి పెంచాల్సి వచ్చిందనుకుందాం. (ఒక్కో చిప్‌కు ఒక్కో లెక్క, ఇది ఉదాహరణ మాత్రమే.) వేగం పెరిగింది 8 శాతం. కరెంటు పెరిగింది 30 శాతానికి పైగా. అసలు 180 వాట్లు తీసుకునేది 235కు చేరుతుంది.

ఇప్పుడు దీన్ని మన గదిలోకి తెద్దాం. కూలర్ ప్రాసెసర్‌ను ఫలానా డిగ్రీల దగ్గర ఉంచదు. గది ఎంత ఉంటే అంతకు ఇన్ని డిగ్రీలు పైన ఉంచుతుంది. 180 వాట్ల దగ్గర మీ కూలర్ గది కంటే 50 డిగ్రీలు పైన ఉంచుతుందనుకుంటే, 235 వాట్ల దగ్గర అది సుమారు 65 అవుతుంది. రివ్యూ చేసేవాళ్ల ల్యాబ్‌లో గది 22 డిగ్రీలో, 25 డిగ్రీలో ఉంటుంది. 25కు 65 కలిపితే 90. పర్వాలేదు, నడుస్తుంది. మే నెలలో మా విజయవాడలో, మీ హాస్టల్ గదిలో, ఏసీ లేని చోట రాత్రి తొమ్మిదింటికి కూడా గోడలు సెగలు కక్కుతూ గది 38 ఉంటుంది. 38కి 65 కలిపితే 103. మీ ప్రాసెసర్ గరిష్ఠ పరిమితి 100. ఆ పరిమితికి రాగానే అది తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. కంపెనీ సెట్టింగ్స్‌లో ఉంటే 38కి 50 కలిపి 88 దగ్గర హాయిగా పూర్తి వేగంతో నడిచేది.

ఇది కాగితం మీద లెక్క మాత్రమే అనుకోకండి. సంక్రాంతి సెలవుల్లో కూర్చుని ఓవర్‌క్లాక్ సెట్ చేసి, రెండు రాత్రులు టెస్ట్ నడిపి, అంతా బాగుందని తృప్తి పడి, ఏప్రిల్ నెలాఖరుకు "అన్నా, సిస్టమ్ దానంతటదే రీస్టార్ట్ అవుతోంది" అని నాకు ఫోన్ చేసిన కుర్రాళ్లు ఎంతోమంది ఉన్నారు. జనవరిలో పాసైన సెట్టింగ్ మేలో ఫెయిలవుతుంది. రోడ్డు పక్క ఇల్లయితే మూడు నెలల్లో కూలర్ రెక్కల మధ్య దుమ్ము మందంగా పట్టేస్తుంది, అప్పుడు పైన వేసిన 65 కూడా 70 అవుతుంది. కంపెనీ సెట్టింగ్‌లో ఉన్న సిస్టమ్‌కు ఈ దుమ్మును, ఎండను తట్టుకునే వెసులుబాటు ఉంటుంది. ఓవర్‌క్లాక్ అంటే ఆ వెసులుబాటునే ఖర్చు పెట్టేయడం.

కరెంటు బిల్లు గురించి మాత్రం మరీ పెద్దగా చెప్పను. అదనంగా 55 వాట్లు, రోజుకు ఐదు గంటలు వాడితే నెలకు 8 యూనిట్ల చిల్లర. అదేం పెద్ద డబ్బు కాదు. కానీ యూపీఎస్ ఉన్నవాళ్లు ఒకటి చూసుకోవాలి. మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది 600 వీఏ యూపీఎస్. దాని అసలు శక్తి సుమారు 360 వాట్లు. గేమ్ ఆడుతున్నప్పుడు గ్రాఫిక్స్ కార్డ్, ప్రాసెసర్, మానిటర్ కలిపి దాని అంచున నడుస్తుంటే, ఆ 55 వాట్లే గీత దాటిస్తాయి. కరెంటు పోగానే యూపీఎస్ కూత పెట్టి సిస్టమ్‌ను కూడా ఆపేస్తుంది. యూపీఎస్ పాడైందని తెచ్చి ఇస్తారు, చూస్తే దానికేమీ ఉండదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

గుంటూరులో నాకు తెలిసిన ఒక పెళ్లి వీడియో ఎడిటర్ ఉన్నారు. ఆయన సిస్టమ్‌ను ఆయన తమ్ముడే ఓవర్‌క్లాక్ చేశాడు. కుర్రాడు తెలివైనవాడు, పద్ధతిగా చేశాడు, రాత్రంతా ప్రైమ్95 అనే టెస్ట్ ప్రోగ్రామ్ నడిపి చూసుకున్నాడు. ఒక్క ఎర్రర్ లేదు. కానీ రెండు మూడు గంటల వీడియో రెండర్ చేస్తే నాలుగైదుసార్లలో ఒకసారి మధ్యలో ఆగిపోయేది. ఒక్కోసారి పూర్తయ్యేది కానీ తలంబ్రాల దగ్గర తెర మీద ఆకుపచ్చ గళ్లు కనిపించేవి. మళ్లీ రెండర్ చేస్తే అదే చోట బాగానే వచ్చేది. ఆయన మొదట ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌ను అనుమానించారు. విండోస్ కొత్తగా వేశారు. ర్యామ్ మార్చారు. హార్డ్ డిస్క్ మార్చారు. చివరికి మెమరీ కార్డ్ రీడర్ కూడా మార్చారు. నాలుగు నెలలు గడిచాయి. అమెరికా వెళ్లిపోతున్న ఒక పెళ్లి జంటకు వీడియో ఇవ్వలేక, విమానం టైమ్ దాకా రెండర్ మీద రెండర్ పెట్టుకుంటూ కూర్చున్న రాత్రి తర్వాత సిస్టమ్ నా దగ్గరికి తెచ్చారు.

నేను ముందు బయోస్‌లో (మదర్‌బోర్డ్ సెట్టింగ్స్ ఉండే చోట) వేగాన్ని కంపెనీ సెట్టింగ్‌కు మార్చి ఇచ్చేశాను. అంతే. మళ్లీ ఆ సమస్య రాలేదు. తర్వాత పాత లాగ్‌లు తీసి చూస్తే విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో (సిస్టమ్‌లో జరిగినవన్నీ నమోదయ్యే చోట) వీయా లాగర్ (WHEA-Logger) పేరుతో, 19వ నంబర్‌తో, ప్రాసెసర్ తప్పు చేసి తనే సరిదిద్దుకున్నట్టు వార్నింగ్‌లు నెలల తరబడి పేరుకుని ఉన్నాయి. ఎవరూ తెరిచి చూడలేదు.

రాత్రంతా టెస్ట్ పాసైంది కదా, మరి ఎందుకలా? ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు. టెస్ట్ ప్రోగ్రామ్ ఒకే రకం లెక్కను, ఒకే రకం లోడ్‌తో, అదే పనిగా చేయిస్తుంది. నిజమైన పనిలో ప్రాసెసర్ ఒక క్షణం ఖాళీగా ఉండి, మరుక్షణం అన్ని కోర్లతో లేచి, మళ్లీ పడుకుంటుంది. ఆ ఎగుడుదిగుళ్లలో వోల్టేజ్ క్షణకాలం కిందికి జారుతుంది. అంచు మీద నడుస్తున్న చిప్ అక్కడ తడబడుతుంది. టెస్ట్ పాసవడం అంటే ఆ టెస్ట్‌లో, ఆ రాత్రి చలిలో, ఆ కొన్ని గంటల్లో తప్పు దొరకలేదని మాత్రమే అర్థం.

ఆగిపోయే తప్పు కంటే ఆగని తప్పు ప్రమాదకరం. బ్లూ స్క్రీన్ వస్తే కనీసం తెలుస్తుంది. ఎక్కడో ఒక బిట్ తారుమారై, ప్రోగ్రామ్ ఏమీ తెలియనట్టు ముందుకు సాగిపోతే తెలియదు. నాకు జరిగింది అదే. 2012లో హార్డ్ డిస్క్ ఖాళీ కోసం పాత ఫొటోలన్నీ ఆర్కైవ్ ఫైళ్లుగా కుదించి, డీవీడీల్లోకి రాసి, అసలైనవి తీసేశాను. అప్పుడు నా సిస్టమ్ ఏడాదిగా ఓవర్‌క్లాక్‌లో ఉంది, ఒక్కసారి కూడా హ్యాంగ్ అవ్వలేదు. ఏడెనిమిది నెలల తర్వాత మా నాన్నగారి షష్టిపూర్తి ఫొటోలు కావాలని అక్క అడిగితే తెరవబోయాను. సీఆర్‌సీ ఎర్రర్, అంటే ఫైల్‌లోని డేటా చెడిందని. డీవీడీ గీతలు పడిందేమో అనుకుని రెండో కాపీ పెట్టాను. అదే చోట, అదే ఎర్రర్. రెండు డిస్కులూ పాడవలేదు, కుదించేటప్పుడే ఫైల్ తప్పుగా తయారైంది. నలభై ఆర్కైవ్‌లలో మూడు అలా ఉన్నాయి. ఒకటి షష్టిపూర్తిది. అప్పటికి నాన్నగారు లేరు.

ఆ సాయంత్రమే బయోస్‌లోకి వెళ్లి అన్నీ డీఫాల్ట్ చేశాను. మళ్లీ పెంచలేదు. ఫైళ్లు చెడింది ఓవర్‌క్లాక్ వల్లేనని కోర్టులో రుజువు చేయగలనా అంటే చేయలేను. నన్ను బాధపెట్టింది కూడా అదే. కంపెనీ సెట్టింగ్‌లో ఉండి ఉంటే ర్యామ్ పాడైందో, ఇంకేదైనా పాడైందో వెతికి తేల్చుకునేవాడిని. నా చేతులతో నేనే ఒక అనుమానితుడిని పెట్టుకున్నాక, ఇక దేన్నీ తేల్చలేం.

నా ఒక్కడి అనుభవమే అనుకోకుండా ఇంకో రెండు విషయాలు చెబుతాను. మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే రేమండ్ చెన్ 2005లో ఒక సంగతి రాశారు. విండోస్ క్రాష్ రిపోర్టుల్లో అసలు జరగడానికే వీల్లేని క్రాష్‌లు కనిపించేవట. ఒక రిజిస్టర్‌ను (ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ చోటును) సున్నా చేసే ఆదేశం దగ్గర ప్రోగ్రామ్ కూలిపోయింది. ఆ ఆదేశం మెమరీని కూడా ముట్టుకోదు, దానికి కూలిపోయే దారే లేదు. ఆరా తీస్తే చాలావరకు ఓవర్‌క్లాక్ చేసిన సిస్టమ్‌లు. అందులో కొందరికి తమ సిస్టమ్ ఓవర్‌క్లాక్ అయి ఉందని కూడా తెలియదు, కొన్న షాపువాళ్లే చెప్పకుండా చేసి అమ్మారు. సిస్టమ్‌లు బిగించే వృత్తిలో ఉన్నవాడిగా ఈ చివరి మాట నన్ను చాలా ఇబ్బంది పెట్టింది. కస్టమర్‌కు చెప్పకుండా అలా చేయడం తప్పు.

తర్వాత 2011లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులే సుమారు 10 లక్షల మామూలు పీసీల క్రాష్ రిపోర్టులను పరిశీలించారు. ఓవర్‌క్లాక్ చేసిన వాటిలో ప్రాసెసర్ తప్పులు చాలా ఎక్కువగా కనిపించాయి, కొద్దిగా పెంచినా తేడా తెలిసింది. అసలు వేగం కంటే కొంచెం తగ్గించి నడిపేవి ఇంకా తక్కువ క్రాష్ అయ్యాయి. అప్పటి ప్రాసెసర్లు వేరు, ఇప్పటివి వేరు, నిజమే. కానీ అంచుకు దగ్గరయ్యేకొద్దీ తప్పులు పెరుగుతాయన్న సూత్రం మారలేదు.

అందుకే సిస్టమ్ మీద బతికేవాళ్లు దాని జోలికి పోరు. మా వీధిలో ఆడిటర్ గారి ఆఫీసులో ట్యాలీ, జీఎస్టీ రిటర్న్‌ల సిస్టమ్‌కు 8 శాతం వేగం దేనికి? నెల 20వ తేదీన అది ఆగకపోవడమే ఆయనకు కావాలి. ఇంట్లోంచి పని చేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి కూడా అంతే. కోడ్ కంపైల్ అవుతూ విచిత్రమైన ఎర్రర్ వస్తే అది తన కోడ్‌లో తప్పో, సిస్టమ్‌లో తప్పో తెలియకపోతే టెన్షన్‌తో రోజంతా పోతుంది.

వారంటీ గురించి. ఓవర్‌క్లాక్ వల్ల జరిగిన నష్టానికి ఇంటెల్, ఏఎండీ రెండూ వారంటీ ఇవ్వవు. అన్‌లాక్ చేసి అమ్మేదీ వాళ్లే, పెంచుకోవడానికి సాఫ్ట్‌వేర్ ఇచ్చేదీ వాళ్లే, అయినా షరతుల్లో ఆ మాట స్పష్టంగా ఉంటుంది. ఒకప్పుడు ఇంటెల్ అదనంగా డబ్బు తీసుకుని ఓవర్‌క్లాక్‌తో పోయిన ప్రాసెసర్‌ను కూడా ఒకసారి మార్చి ఇచ్చే ప్లాన్ అమ్మేది. 2021లో దాన్ని ఆపేసింది. "వాళ్లకెలా తెలుస్తుంది, చెప్పకపోతే సరి" అనేవాళ్లు ఉన్నారు. నేను అలా సలహా ఇవ్వను. పైగా ఎక్స్చేంజ్ వచ్చేదాకా ఎన్ని వారాలు సిస్టమ్ లేకుండా ఉండాలో, సర్వీస్ సెంటర్ చుట్టూ తిరిగినవాళ్లకు తెలుసు.

ప్రాసెసర్ అరుగుదల కూడా నిజం. ఎక్కువ వోల్టేజ్, ఎక్కువ వేడిలో లోపలి సన్నని లోహపు తీగల్లో అణువులు మెల్లగా చోటు మారతాయి, ట్రాన్సిస్టర్లు మందగిస్తాయి. ఒకేసారి కాలిపోవడం చాలా అరుదు. ఎక్కువగా జరిగేది వేరు: ఏడాది క్రితం 1.30 వోల్టులతో నిలకడగా నడిచిన వేగానికి ఇప్పుడు 1.34 కావాల్సి వస్తుంది. పెంచితే వేడి, వేడి పెరిగితే మళ్లీ అరుగుదల.

మీ 13600కే విషయంలో ఇది ప్రత్యేకంగా చెప్పాలి. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఓవర్‌క్లాక్ చేయకుండానే ఇలాంటి అరుగుదల బయటపడింది. ప్రాసెసర్ అవసరానికి మించిన వోల్టేజ్ అడుగుతోందని 2024లో ఇంటెల్ ఒప్పుకుని, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్, బయోస్ అప్‌డేట్‌తో అందుతుంది) సవరణలు ఇచ్చింది. బాక్స్‌లో అమ్మిన ప్రాసెసర్లకు వారంటీని మరో రెండేళ్లు పెంచింది. ఎక్కువగా దెబ్బతిన్నవి ఐ9, ఐ7లు. అయినా ఇంటెల్ ప్రకటించిన జాబితాలో 13600కే కూడా ఉంది. కాబట్టి మీరు ఓవర్‌క్లాక్ చేసినా చేయకపోయినా ముందు బయోస్ అప్‌డేట్ చేయండి. ఇది మాత్రం వాయిదా వేయొద్దు. అలాంటి చరిత్ర ఉన్న చిప్‌కు ఇంకా వోల్టేజ్ ఇవ్వమని నేనైతే చెప్పను.

దీంతో పాటే ఇంకో హెచ్చరిక. మీరు ఏమీ మార్చలేదంటే కంపెనీ సెట్టింగ్‌లోనే ఉన్నారని అర్థం కాదు. చాలా మదర్‌బోర్డ్‌లు "ఆటో" అనే పేరు వెనక పవర్ లిమిట్ తీసేస్తాయి, అన్ని కోర్లనూ గరిష్ఠ వేగంలో నడిపిస్తాయి. బయోస్‌లో పవర్ లిమిట్ 4096 వాట్లు అని కనిపిస్తే లిమిట్ లేదని అర్థం. మీ ప్రాసెసర్‌కు ఇంటెల్ చెప్పిన గరిష్ఠం 181 వాట్లు. కొత్త బయోస్‌లలో ఇంటెల్ డీఫాల్ట్ సెట్టింగ్స్ అని ఉంటుంది, అది ఎంచుకోండి. ఏఎండీ వైపూ ఇలాంటిది జరిగింది. 2023లో కొన్ని రైజెన్ 7000 ఎక్స్3డీ ప్రాసెసర్లు సాకెట్‌లోనే కాలిపోయాయి. ఎక్స్‌పో (ర్యామ్‌ను పెంచిన వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేస్తే కొన్ని బోర్డులు ఎస్ఓసీ వోల్టేజ్‌ను (ప్రాసెసర్‌లో మెమరీని నడిపించే భాగానికి ఇచ్చేదాన్ని) మరీ ఎక్కువ ఇచ్చేవి. తర్వాత ఏఎండీ దాన్ని 1.3 వోల్టులకు కట్టడి చేసింది.

అన్నట్టు, ర్యామ్‌కు ఎక్స్ఎంపీ (ఇంటెల్ వైపు అలాంటి సెట్టింగే) గానీ, ఎక్స్‌పో గానీ ఆన్ చేయడం కూడా ఒక రకం ఓవర్‌క్లాకే. ఇక్కడ నేను కొంచెం సడలిస్తాను. గేమింగ్ సిస్టమ్‌లలో ఆన్ చేస్తాను, ఎందుకంటే ప్రయోజనం కనిపిస్తుంది. కానీ ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 నాలుగు పాస్‌లు పూర్తిగా నడిపాకే కస్టమర్‌కు ఇస్తాను. లెక్కల సిస్టమ్‌లలో ఆన్ చేయను.

మరి కే ప్రాసెసర్ కొనడం దండగేనా? కాదు. మీ రూమ్మేట్స్‌కు ఇది చూపించండి. 13400లో ఆరు పెద్ద కోర్లు, నాలుగు చిన్న కోర్లు, గరిష్ఠ వేగం 4.6. మీ 13600కేలో ఆరు పెద్దవి, ఎనిమిది చిన్నవి, గరిష్ఠ వేగం 5.1, క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగవంతమైన మెమరీ) కూడా 20 బదులు 24 ఎంబీ. మీరు ఇచ్చిన డబ్బుకు ఇవన్నీ బాక్స్ తెరిచిన రోజే దక్కాయి. మల్టిప్లయర్ (వేగాన్ని నిర్ణయించే గుణకం) తాళం తీసి ఉండటం అందులో ఒక సౌకర్యం మాత్రమే. గేమింగ్‌లో మంచి పేరు తెచ్చుకున్న 2022 నాటి రైజెన్ 7 5800ఎక్స్3డీకి అసలు ఆ మల్టిప్లయర్ తాళమే వేసి అమ్మారు. పెద్ద క్యాష్ వల్ల అది గేమ్‌లలో తనకంటే ఎక్కువ గిగాహెర్ట్జ్ ఉన్న వాటితో సమానంగా నిలబడింది.

ఓవర్‌క్లాక్ ఎవరూ చేయకూడదని నేను అనడం లేదు. అదే హాబీగా ఉన్నవాళ్లు, పని సిస్టమ్ వేరుగా పెట్టుకుని ఇంకోదాని మీద ప్రయోగాలు చేసేవాళ్లు తప్పకుండా చేయొచ్చు. 2022 చివర్లో 13900కేను ద్రవ హీలియంతో చల్లబరిచి 9 గిగాహెర్ట్జ్ దాటించారు. అది ఒక ఆట, గొప్ప ఆట. చిప్ ఎలా పని చేస్తుందో, వోల్టేజ్ అంటే ఏమిటో నేను నేర్చుకున్నది ఆ పన్నెండేళ్ల ఓవర్‌క్లాకింగ్ వల్లే. మీరు ఇంజనీరింగ్ చదువుతున్నారు కాబట్టి నేర్చుకోవాలని ఉంటే పాత బోర్డు, పాత ప్రాసెసర్ సెకండ్‌హ్యాండ్‌లో కొని దాని మీద చేయండి. ప్రాజెక్ట్ ఫైళ్లు ఉన్న సిస్టమ్ మీద వద్దు.

మీ సిస్టమ్‌కు నేనైతే ఏం చేస్తానంటే, బయోస్ అప్‌డేట్, ఇంటెల్ డీఫాల్ట్ సెట్టింగ్స్, ఆ తర్వాత పవర్ లిమిట్‌ను 181 నుంచి 125 వాట్లకు తగ్గిస్తాను. గేమ్‌లలో ప్రాసెసర్ సాధారణంగా అంత తీసుకోదు కాబట్టి తేడా తెలియదు. రెండరింగ్ లాంటి బరువు పనుల్లో కొంచెం ఆలస్యమవుతుంది, దానికి బదులు ఫ్యాన్ శబ్దం, వేడి బాగా తగ్గుతాయి. కొందరు వోల్టేజ్ తగ్గించే అండర్‌వోల్టింగ్ చేస్తారు. అది మంచిదే కానీ అక్కడ కూడా అంచుకు దగ్గరగా వెళ్తున్నట్టే, ఓవర్‌క్లాక్‌లాగే ఓపిగ్గా టెస్ట్ చేయాలి. పవర్ లిమిట్ తగ్గించడంలో ఆ ప్రమాదం లేదు, ప్రాసెసర్ తన సొంత లెక్క ప్రకారమే నెమ్మదిస్తుంది. రైజెన్ వాడేవాళ్లకు ఇదే పని ఎకో మోడ్ చేస్తుంది. ఉదాహరణకు 7700ఎక్స్‌ను 65 వాట్ల ఎకో మోడ్‌లో పెడితే, 142 వాట్ల దాకా వెళ్లేది 88 దగ్గర ఆగుతుంది.

ఈ రాత్రి ఒక పని చేయండి. ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ విభాగంలో వీయా లాగర్ (WHEA-Logger) ఎంట్రీలు ఏమైనా ఉన్నాయేమో చూడండి. ఉంటే వాటి ఈవెంట్ నంబర్లు, మీ బయోస్ వెర్షన్, కూలర్ మోడల్, మధ్యాహ్నం మీ గది ఎంత వేడెక్కుతుందో కింద రాయండి. చూసి ఏం మార్చాలో చెబుతాను.